మూడు గ్యాలన్ల పతకం

"నేను దిగను. పతకమూ వద్దు, పాడూ వద్దు!" డెల్మర్ పికప్ స్టీరింగ్ పట్టుకుని భీష్మించుకు కూర్చున్నాడు. ఎదురుగా ఊరి ఫైర్ స్టేషన్ హాలు నిండా జనం.

"బాగుంది వరస! నాలుగేళ్లలో మూడు గ్యాలన్ల రక్తం ఇచ్చిన మహానుభావుడివని ఊరంతా హ్యామ్ శాండ్‌విచ్‌లు కట్టుకొచ్చి కూర్చుంది లోపల," అంది భార్య ట్విలా.

"అది దానమా? టెస్టోస్టెరాన్ జెల్ రాసుకోవడం మొదలుపెట్టాక రక్తం చిక్కబడుతోందని, రెండు నెలలకోసారి ఇచ్చి రమ్మని డాక్టరు తరుముతుంటే ఇచ్చాను. ఈ సంగతి బయటపడిందంటే ధాన్యం గోదాము దగ్గర పొద్దున్నే కాఫీ తాగే ముఠా నన్ను బతకనిస్తుందా?"

"నాకు తప్ప ఎవరికీ తెలియదుగా. పద, పద!"

వేదిక మీద పతకాలు అందుకోబోయే ఎనిమిది మందీ వరసగా కూర్చున్నారు. అందరూ యాభై దాటిన మగాళ్లే. డెల్మర్ పక్క కుర్చీ హైస్కూలు కుస్తీ కోచ్ రోలండ్‌ది. ఎద్దులాంటి మనిషి, ఎందుకో అతనూ బిగుసుకుపోయి కూర్చున్నాడు.

మేయరమ్మ ఆర్డిత్ మైకు అందుకుంది. "ఏమీ ఆశించకుండా మన కోసం నెత్తురు ధారపోసిన త్యాగమూర్తి, మన డెల్మర్!"

ముందు వరసలో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. అది చూశాక డెల్మర్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అసలే పాపం అబద్ధం అరగని మనిషి. గబుక్కున లేచి మేయరమ్మ చేతిలోని మైకు లాక్కున్నాడు.

"త్యాగమూ లేదు, మన్నూ లేదు! నాకు మగ హార్మోన్ తక్కువైంది. మందు వాడుతున్నాను. దాంతో రక్తం చిక్కబడుతోంది. డాక్టరు ఇమ్మంటే ఇస్తున్నాను, అంతే!"

ఎవరి చేతిలోని శాండ్‌విచ్ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ఏమిటయ్యా? నా ఆపరేషన్‌కి ఎక్కించిన రక్తం ఎవరు ఎందుకిచ్చారో నేను అడిగానా?" అని ముసలావిడే ముందుగా చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే హాలు దద్దరిల్లింది. దూరంగా ట్విలా రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. గుండెల మీంచి బండ దించినట్టయి డెల్మర్ నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

రోలండ్ అతని తొడ మీద గట్టిగా గిల్లాడు.

"ఓరి నీ నిజాయితీ తగలెయ్య! మా మందు సంగతి ఇంట్లో తెలియకుండా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. అదిగో, మా ఏడుగురి పెళ్లాలూ లేచి ఇటే వస్తున్నారు!"