తిరిగి అడిగిన పిల్ల

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కొయ్యూరు బస్సు కోసం ఎదురుచూస్తున్న ఒక ముసలమ్మ, పక్కనే తల్లితో కూర్చున్న ఐదేళ్ల హంసినిని పలకరించింది.

"నీ పేరేటమ్మా?"

"నీ పేరేటమ్మా?" అంది హంసిని.

తల్లి ముఖం ఎర్రబడింది. ఎవరేం అడిగినా హంసిని ఆ మాటే తిరిగి అంటుంది. వారం వారం స్పీచ్ థెరపీకి తీసుకొస్తున్నా, జవాబు చెప్పడం ఇంకా పట్టుబడలేదు. వెక్కిరిస్తోందనుకుని కసురుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ముసలమ్మ మాత్రం పకపకా నవ్వింది. "నా పేరా? లోవమ్మనే! అన్నం తిన్నావా?"

"అన్నం తిన్నావా?"

"ఇంకా నేదమ్మా. పొద్దున్నుంచీ ఆస్పత్రిలోనే సరిపోనాది. మోకాలు నొప్పి."

"మోకాలు నొప్పి," అంది హంసిని.

"అవును తల్లీ, ఒకటే సలుపు!"

ఇంతలో బస్సు వచ్చింది. తల్లి గబగబా సర్దిచెప్పబోయింది. "ఏటీ అనుకోకండి మామ్మగారూ, మా పాపకి మాటలు..."

"ఏటనుకుంతానమ్మా?" లోవమ్మ హంసిని బుగ్గలు పుణికి లేచింది. "మా ఇంట్లో అందర్నీ తిన్నారా అని నేనే అడుగుతాను. తిరిగి నన్నడిగినాది నీ కూతురొక్కతే."