అంకితం పేజీ

“దొరికింది వాసంతీ! ఆవిడ పేరు మార్జరీ!” మా ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు.

కెనడాలో ఈ ఒంటారియో లండన్‌లో హిస్టరీ ప్రొఫెసర్‌గా రిటైరై, ఏడొందల ఏళ్ల కిందటి ఒక స్కాట్లాండ్ దొరసాని వంశవృక్షం మీద పుస్తకం రాశారాయన. టైపింగ్ నాది. దొరసాని తల్లి పేరుండాల్సిన చోట ఇన్నాళ్లూ ‘ఫలానా ప్రభువు భార్య’ అనే ఉండేది.

“కన్నవాళ్లు పెట్టిన పేరు తీసెయ్యడానికి వీళ్లెవరు? ఏడొందల ఏళ్లయినా ఎవరి పేరు వాళ్లకి ఇచ్చెయ్యాల్సిందే!” అని టేబుల్ గుద్దారు.

“ఇక అంకితం పేజీ ఒక్కటే మిగిలింది” అన్నాను.

“పుస్తకం నీకే. నీ పేరే టైప్ చెయ్యి.”

‘సుభద్రకి’ అని టైప్ చేశాను.

స్క్రీన్ చూసి ఆయన కళ్లు తుడుచుకున్నారు. “నీ పేరు మానేసి మా అమ్మ పేరు పెట్టావా!”

“అత్తగారి పేరు కాదండీ, నాదే. అత్తాకోడళ్లకి ఒకే పేరుండకూడదని పెళ్లిలో మీవాళ్లు వాసంతిగా మార్చేసిన పేరు.”

ఆయన గొంతు తగ్గింది. “యాభై ఏళ్లయింది. ఇప్పుడెందుకే?”

“ఆవిడకి ఏడొందలైనా ఇవ్వాలన్నారు. నాకింకా యాభయ్యేగా!”

“అది కాదు వాసంతీ...”

నేను పలకలేదు.