అమ్మ ముద్ద

అందరిళ్లలోలాగే హైమ వంటింట్లోనూ గోడకున్న మరచెయ్యే రాత్రిపూట పిల్లకు అన్నం కలిపి తినిపిస్తుంది. కూతురు ఇందు మారాం చెయ్యకూడదని హైమే దానికి తన గొంతు ఇచ్చింది. ఆ రోజు షిఫ్టు రద్దయి పెందలాడే ఇల్లు చేరింది. ఆశగా మర ఆపేసి, పప్పన్నంలో నెయ్యేసి తనే కలిపింది.

"ఇది తాత ముద్ద... ఇది నాన్న ముద్ద..."

నాలుగేళ్ల ఇందు బుద్ధిగా రెండూ మింగింది.

"ఇదేమో అమ్మ ముద్ద!"

పిల్ల నోరు బిగించేసింది. "ఊహూఁ. అది అమ్మే పెట్టాలి," అంటూ గోడకేసి చూపించింది.

"నేనేనే అమ్మని, బంగారం!"

"కాదు. నువ్వు హైమవి."

ఎంత బతిమాలినా వినలేదు. ముద్ద చేతిలోనే చల్లారిపోయింది. చివరికి హైమ ఎడంచేత్తో మీట నొక్కింది.

"ఇది అమ్మ ముద్ద," అంది గోడ, హైమ గొంతుతో.

ఇందు ఆఁ అని నోరు తెరిచింది.