ఫిట్టయి వచ్చిన మనిషి

"ఫిట్టట," అన్నాడు కొమురెల్లి, గడప దగ్గర చెప్పులు విడుస్తూ.

శ్రీరాంపూర్ కాలనీలోని ఆ రెండు గదుల క్వార్టర్లో ఎవరో పోయినంత పనయింది. భార్య సరోజన నెత్తి కొట్టుకుంది. కోడలు మహేశ్వరి అప్పుడే విప్పబోయిన లడ్డూల డబ్బాకు మళ్ళీ దారం చుట్టింది. కొడుకు శ్రావణ్ ఒక్క ఉదుటున లేచాడు.

"ఫిట్టేంది? సక్కగ చెప్పు!"

"ఏం చెప్పాల్రా? మెడికల్ బోర్డుకు పోయిన, చూసిండ్రు. అన్నీ మంచిగనే ఉన్నయి, పోయి బాయిల దిగుమన్నరు."

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. బొగ్గుబావిలో పనిచేసే మనిషి ఇక పనికిరాడని డాక్టర్లు తేలిస్తే, అతను గడువుకు ముందే కొలువులోంచి దిగిపోతాడు, ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకే ఇక్కడ తండ్రి అన్‌ఫిట్ అయితే వాడంతా మిఠాయిలు పంచుతారు. ఫిట్ అయితే పలకరించడానికి వస్తారు. ఒంట్లో బాగున్నందుకు పరామర్శలు! ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటి ఉంటుందా?

"డాక్టర్ ముంగట ఎట్ల నడిచినవ్?" నిలదీశాడు శ్రావణ్.

"కాళ్ళతోనే నడిచిన."

"మజాక్ చెయ్యకు బాపూ! గోడ పట్టుకొని నడువుమని చెప్పిన్నా లేదా? హనుమండ్లు కాకను చూడు. కండ్లు కనవడ్తలేవని చెప్పి బయటపడ్డడు. ఇప్పుడు పొద్దుగాల్నే హోటల్ల కూసోని పేపర్ సదువుతుండు!"

"గసొంటి అబద్ధాలు నాకు చాతగావురా."

"నీకు చాతగాకపోతే నా బతుకేం గావాలె? వచ్చే నెల్ల నాకు వయసు దాటుతది. ఇగ నువ్వు మంచంల వడ్డా నాకు నౌకరి రాదు. గా సెల్‌ఫోన్ల దుకాణంల ఇంకెన్నేండ్లు ఊడిగం చెయ్యాలె?"

కొమురెల్లి చెంబెత్తి నీళ్ళు తాగబోయాడు. పొలమారింది. గోడకు చెయ్యి ఆనించి, ఎదురొమ్ము పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు.

"గీ దగ్గేదో ఆడ దగ్గరాదు?" పళ్ళు నూరాడు కొడుకు.

సరోజన అందుకుంది. "వేములవాడ రాజన్నకు కోడె కడ్తనని మొక్కిన. ఆయనకు గూడ నామీద దయ లేకపాయె."

"దేనికి మొక్కినవే?"

"నువ్వు అన్‌ఫిట్ గావాల్నని."

"అంటే నాకు రోగం రావాల్నని!"

"గట్లెందుకంటవ్? నీ మంచికే గద! ఇన్నేండ్లు బాయిల వడి సస్తివి. జర ముందుగాలనే దిగిపోతే ఇంటిపట్టున నిమ్మళంగ ఉంటవని."

ఆ మాటతో కొమురెల్లికి ఒళ్ళు మండిపోయింది. చెంబును నేలకేసి కొట్టాడు.

"ముందుగాల దిగిపోయి నిమ్మళంగ కూసునుడు పైసలున్నోళ్ళకు! వాళ్ళకు బుద్ధి పుడితే సాలు, రేపటి సంది పనికి రామంటరు. నా అసొంటోడు కూసోవాల్నంటే ఊపిరన్న చెడాలె, నడుమన్న ఇరగాలె. గది మీరు గూడ కోరుకోవట్టిరి! థూ!"

"నీ నోటికేం తక్కువ లేదు," అంది సరోజన. "నోటికి గూడ పరీక్ష పెడితే ఫిట్టనే అంటరు."

మహేశ్వరి డబ్బాను ఠపీమని అలమారులో పెట్టి తలుపు వేసింది. మామ పొద్దుటినుంచి ఏమైనా తిన్నాడో లేదో ఆమెకు గుర్తే లేదు.

అంతలో వీధిలోంచి కేక. చూపు ఆనని హనుమండ్లు, గేటు దగ్గరి గుంతను ఒడుపుగా దాటుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమయ్యా కొమురెల్లీ, సప్పుడు లేదు? మిఠాయి ఏది? యూనియన్ నాగరాజు ఇప్పుడే ఫోన్ జేసిండు. అన్‌ఫిట్టోళ్ళ పేర్లల్ల ముందు నీదే ఉన్నదట!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇల్లు ఎగిరి గంతేసింది. సరోజన గోడమీది రాజన్న పటానికి దండాలు పెట్టింది. శ్రావణ్ తండ్రి కాళ్ళమీద పడ్డాడు. మహేశ్వరి పరుగున డబ్బా తెచ్చి, దారం పళ్ళతో తెంపి, మామ నోట్లో లడ్డూ పెట్టింది. హనుమండ్లు అడక్కుండానే రెండు తీసుకున్నాడు.

"మరి ఫిట్టని ఎందుకు చెప్పినవ్ బాపూ? మా పానాలు దీస్తివి గద!" నవ్వుతూ అడిగాడు శ్రావణ్.

కొమురెల్లి లడ్డూ మింగలేదు. అరచేతిలోకి తీసుకుని దానివైపే చూస్తూ అన్నాడు.

"నా పానం మంచిగున్నదంటే ఇంట్ల ఒక్కలన్న సంబురపడ్తరేమోనని చూసిన."

"ఊకో బాపూ, ఏదో కోపంల..."

"గది పోనియ్యిరా. ఇప్పుడు అన్‌ఫిట్టని తెలిసె, లడ్డూలు గూడ తినవడ్తిరి. ఏం రోగమని ఒక్కలన్న అడిగిండ్రా?"