రొట్టె ఎవరి చేతికి?

“ఆ రొట్టె ఇటివ్వు వదినా, కారులో పెట్టేస్తాను,” మూడోసారి అన్నాడు వుకాషిన్.

దరింకా ఇవ్వలేదు. తువ్వాలు చుట్టిన స్లావా పండుగ రొట్టెను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడింది. తెల్లవారకముందే లేచి పిండి పిసికింది. పైన శిలువ పెట్టి, అంచు చుట్టూ జడలా అల్లింది. ఇంకా వేడి తగ్గలేదు.

“మన వంశాన్ని కాపాడే పరిశుద్ధుడి పండుగ మన ఇంట్లోనే జరుగుతుంది,” అంది.

“ఎవరు జరుపుతారు? అన్నయ్యా?” వుకాషిన్ గొంతు తగ్గించాడు. “స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. ఆఖరి చుట్టం గడప దాటేదాకా నిలబడే వడ్డించాలి. మా నాన్న ఆ రోజు కుర్చీ ముట్టుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? అన్నయ్య ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతాడు? పదిమందీ అయ్యో పాపం అంటే తట్టుకోగలడా? చాచక్‌ పట్నంలో మా ఇంట్లో చేసుకుందాం. ఇరవై మంది పట్టే బల్ల ఉంది. లిఫ్టు కూడా ఉంది.”

“లిఫ్టు ఉందట, లిఫ్టు!” పొయ్యి మీద, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండే సార్మాల కుండను గుడ్డతో పట్టుకుని కుదుపుతూ అంది అత్తగారు కొసారా. “మీ తాతల నాటినుంచీ పరిశుద్ధ దిమిత్రి ఈ మెట్లెక్కే వస్తున్నాడురా. ఏనాడూ ఆయాసపడలేదు.”

“నువ్వూరుకోమ్మా. వదినా, నువ్వు చెప్పు. ఎలా చేద్దామని?”

“ప్రభువు చిత్తం. ఆయనే చూసుకుంటాడు.”

“ఏం చూసుకుంటాడు? ఆయనొచ్చి వడ్డిస్తాడా?”

ఏప్రిల్‌లో కలప మిల్లులో దుంగ దొర్లి భర్త మిలోయె కాలు పోయిన రోజు నుంచి దరింకా అంటున్నది ఆ ఒక్క మాటే. ఆసుపత్రి వరండాలో అంది. నాలుగు ఆవుల పాలు పితుకుతూ, కట్టెలు కొడుతూ, ప్లమ్ పళ్లు రాల్చి బుట్టలకెత్తుతూ కూడా అంది. నీ చిత్తం, ప్రభూ. అది చెవిన పడితే చాలు, మిలోయె గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చంకకర్రల చప్పుడైంది. మిలోయె వచ్చి తలుపు చట్రానికి భుజం ఆనించాడు. అంతదూరం నడిచేసరికే నుదుటి మీద చెమట పట్టింది.

“రొట్టె గురించేనా?”

“నీ మంచికే అన్నయ్యా...”

“తెలుసురా. ఈసారికి ఇక్కడే కానివ్వు. ఫాదర్‌ని రానీ, అందరి ముందూ చెబుతాను. యజమానిని మార్చాలనే నేనూ అనుకుంటున్నాను.”

కొసారా కుండ వదిలేసి శిలువ గుర్తు వేసుకుంది. వుకాషిన్ నేలచూపులు చూశాడు. గెలిచినందుకు అతనికీ సంతోషంగా లేదు.

దరింకా రొట్టె తీసుకెళ్లి ముందుగదిలో పటం కింద, కొవ్వొత్తి పక్కన పెట్టింది. ఏడు నెలలుగా అలవోకగా వచ్చిన ‘నీ చిత్తం’ ఇప్పుడు నోట రాలేదు. పెళ్లై వచ్చిన ఏడాది నుంచి ఇరవై రెండు సార్లు ఈ బల్ల మీదే ఈ రొట్టె పెట్టింది. “కాలు తీసుకున్నావు, ఊరుకున్నాను. ఇది కూడానా?” అని అడిగింది. పటంలోని దిమిత్రి గుర్రం మీద నుంచి ఊరికే చూశాడు. తరవాత పళ్లు బిగపట్టి అంది. “సరే. ఇదీ నీ చిత్తమే.” రొట్టె మీద తువ్వాలు తీసేసింది.

స్లావాకు ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు వస్తారు. మధ్యాహ్నానికల్లా ఇల్లు నిండిపోయింది. మిల్లు నుంచే ఆరుగురు వచ్చారు. మిలోయె గోడ పక్క బెంచీ మీద కూర్చుని, చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని, అందరి పలకరింపులకూ తలూపుతున్నాడు. ఫాదర్ గవ్రిలో మెడలోని ప్రార్థన వస్త్రం సవరించుకుని కొవ్వొత్తి వెలిగించారు.

“ఏదీ, యజమానిని రమ్మనండి. నాతో కలిసి రొట్టె పట్టుకుని తిప్పాలి.”

వుకాషిన్ కోటు గుండీలు పెట్టుకుని ముందుకొచ్చాడు. దరింకా తలెత్తి, పటం ముందు అన్న మాటకు కట్టుబడి, రొట్టెను అతని వైపు చాచింది.

“ఒక్క నిమిషం,” అన్నాడు మిలోయె. గట్టిగా అనలేదు. అయినా గదంతా సద్దుమణిగింది.

“ఏప్రిల్ నుంచి దేవుణ్ణి ఒక్కటే అడిగాను ఫాదర్. స్లావా నాటికి ఈ ఇంట్లో నిలబడే యజమాని ఉండాలని. నా కాలు మొలవలేదు. అలిగి ప్రార్థన మానేశాను. కిటికీ పక్కన పడుకుని వాకిట్లోకి చూడడమే పనైంది. చూడగా చూడగా తెలిసింది. ఆయన నా మాట ఎప్పుడో విన్నాడు. నాకే కనపడలేదు.”

అతను వుకాషిన్ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పిందే నిజం తమ్ముడూ. కూర్చున్నవాడు యజమాని కాలేడు.”

వుకాషిన్ రెండు చేతులూ రొట్టె కిందికి తెచ్చాడు.

“వాడికివ్వకు దరింకా,” అన్నాడు మిలోయె. “ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లో కూర్చోనిది నువ్వొక్కదానివే. రొట్టె నువ్వే తిప్పు, యజమానివి నువ్వే.”