కిటికీ మీది పళ్లెం

“దూది ఇంకాస్త పెట్టు జెనిల్డక్కా. నమలాలి గానీ మింగలేకపోవాలి.”

పక్కింటి యొలాండా మాటకు జెనిల్డా పడీపడీ నవ్వింది.

ఏప్రిల్ ఒకటో తారీఖు. అబద్ధాల రోజు. రిబెయిరా ఏటి ఒడ్డున ఆ రోజు దూది పెట్టిన బూరె వండని ఇల్లుండదు.

పైగా బయట వాన. వాన పడితే ఎలాగూ వానబూరెలు వండాల్సిందే.

జెనిల్డా దూది ఉండను పిండిలో ముంచి నూనెలో వదిలింది. అదీ మిగతావాటిలాగే పొంగి, తనంతట తానే బోర్లా తిరిగి, ఎర్రగా వేగింది. చక్కెరలో, దాల్చినచెక్క పొడిలో దొర్లించాక ఏది పిండో, ఏది దూదో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

“ఇది మీ ఆయనకేనే. పోయినేడాది మా ఆవు ఏట్లో పడిందని నన్ను వానలో పరిగెత్తించాడుగా!”

తొలి వాయి మాత్రం అప్పటికే తీసి, పూలు కుట్టిన గుడ్డ కప్పి, కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఆ పళ్లెం జోలికి ఇంట్లో ఎవరూ పోరు.

అది మొక్కు.

ఏళ్ల కిందటి పెద్ద వరదలో, అప్పటికి ఐదేళ్ల కూతురు జసీరా కొట్టుకుపోయింది. ఎవరో మనిషి ఒడిసి పట్టుకున్నాడు. నీళ్లు తగ్గాక వీపున మోసుకొచ్చి, చర్చి మెట్ల మీద దింపి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఎలా బతికావే అని అడిగితే జసీరా నోరు విప్పేది కాదు.

అతని కోసం జెనిల్డా రేడియోలో చెప్పించింది. పాదిరీగారు ప్రార్థనలో అడిగారు. ఎవరూ రాలేదు.

“ఆ మహానుభావుడికి నా చేత్తో ఒక్క బూరె తినిపించి చస్తాను తల్లీ” అని అపరేసిడా మాతకు మొక్కుకుంది. అప్పటినుంచి ఎప్పుడు వండినా తొలి వాయి అతనిదే. సాయంత్రమయ్యాక కోళ్లకు.

గుమ్మంలో అలికిడైంది.

ఎవరో ముసలాయన. గడ్డి టోపీ నుంచి నీళ్లు కారుతున్నాయి. బురదని చెప్పులు చేత పట్టుకున్నాడు.

“ఎవరు తాతా?”

అతను చెప్పులు కింద పెట్టాడు. అరచేతిని నడుము దగ్గర గాల్లో నిలిపాడు. తన వీపు తట్టుకున్నాడు. ఏటివైపు చూపించాడు. తర్వాత కనుబొమలెత్తి, జవాబు కోసం నిలబడ్డాడు.

“పొద్దుటినుంచీ ఒడ్డంతా తిరుగుతున్నాడక్కా. ఏ ఇంటికెళ్లినా ఇదే సైగ.”

యొలాండా అతని వెనక్కి వెళ్లి, చెవి పక్కనే టప్పున చప్పట్లు కొట్టింది. అతను తిరిగి చూడలేదు.

“చూశావా? నోరూ లేదు, చెవులూ లేవు.”

“ఇంతకీ ఏం కావాలంటాడే?”

“మేక తప్పిపోయిందేమో!”

“మేకైతే వీపెందుకు చూపిస్తాడే? నిన్ను తన వీపెక్కి సవారీ చెయ్యమంటున్నాడు!”

ఇద్దరూ విరగబడి నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారని ముసలాయనా నవ్వాడు.

ఆకలిమీద ఉన్నట్టున్నాడు. వాసన పట్టిన చూపు కిటికీ మీదికి పోయింది. మెల్లిగా చెయ్యి చాపి గుడ్డ అంచు ఎత్తబోయాడు.

జెనిల్డా చేతిలోని గరిటెతో ఆ వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

“ఏయ్! నీబోటివాడికి పెట్టింది కాదది.”

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్లు చొక్కాకు రుద్దుకున్నాడు.

యొలాండా కన్ను గీటింది. “మా ఆయన సంగతి రేపు చూద్దాంలే. ముందు ఈయన ఆకలి తీర్చక్కా.”

“అంతేనంటావా? నోరు తెరువు తాతా. నా చేత్తో పెడతా.”

అతను చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు.

నమిలాడు. మళ్లీ నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు ఉమ్ముతాడు, ఇప్పుడు ఉమ్ముతాడు అని ఇద్దరూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

ఉమ్మలేదు. పెట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఎలా ఉమ్ముతాడు? మెడ నరాలు ఉబ్బేలా గుటకలు వేసి, బాగుందన్నట్టు తల ఊపాడు.

యొలాండా కడుపు పట్టుకుని నేలమీద కూలబడింది.

అతను వెళ్లిపోయి చాలాసేపయినా వాళ్ల నవ్వు ఆగలేదు.

వాన వెలిశాక జసీరా అరటిగెలల షెడ్డులో పని ముగించుకుని వచ్చింది.

“రేవులో ఎవరో ముసలాయనమ్మా. నోట్లోంచి తెల్లటి పీచు లాక్కుంటూ ఒకటే దగ్గు. పాపం, దగ్గుతూనే ఆఖరి పడవెక్కి వెళ్లిపోయాడు.”

“హయ్యో! మొత్తం మింగలేదన్నమాట!” అంది యొలాండా.

మళ్లీ నవ్వులు. జరిగింది చెబితే జసీరా కూడా ఫక్కున నవ్వింది.

కోళ్లకు వెయ్యడానికి జెనిల్డా కిటికీ మీది పళ్లెం ఎత్తింది. అది చేతిలో ఉండగానే ముసలాయన్ని ఆడి చూపించింది. బుగ్గలు ఉబ్బించి నమిలింది. గుడ్లు తేలేసింది.

“ఇంకోటి చెప్పడం మరిచా. పోతూపోతూ నా చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద రెండు వేళ్లతో టక్, టక్ అని కొట్టాడే. నాడి చూసే పెద్ద డాక్టరల్లే!”

యొలాండా నవ్వింది. జసీరా నవ్వలేదు.

తన ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, మెల్లిగా కొట్టి చూపించింది.

“ఇలాగా?”

“అచ్చం ఇలాగే! నువ్వెక్కడ చూశావే?”

జసీరా తల్లి చేతిలోని పళ్లెం వైపు చూసింది.

“చెట్టుకొమ్మ మీద నేను నిద్రలో జారిపడకుండా, నీళ్లు తగ్గేదాకా ఇలాగే కొడుతూ కూర్చున్నాడమ్మా.”