దూలగొండి కోసిన చేతులు

"అమ్మా, ముట్టకు!"

స్నేహలత అరిచేసరికే, కట్టెలు ఏరుకోవడానికి వచ్చిన సాలమ్మ చేయి కాయల గుత్తి మీద పడింది.

అవి దూలగొండి కాయలు. ఎండిన కాయ నిండా బంగారు రంగు నూగు. గాలికి రాలి ఒంటిమీద కాస్త పడినా చాలు, చర్మం లేచిపోయేలా గోక్కోవాల్సిందే. సాలమ్మ మాత్రం గుత్తిని తెంపి అవతల పెట్టి, దాని కింద చిక్కుకున్న ఎండు కొమ్మను లాగి కట్టెల మోపులో పెట్టుకుంది.

"దురద పెడ్తలేదా?" స్నేహలత దగ్గరికొచ్చి అడిగింది.

"కష్టం చేసిన చేతులు బిడ్డా. గీ నూగు ఏం జేస్తది? పొయ్యి మీది గిన్నె గూడ బట్ట లేకుండనే దించుత."

స్నేహలతకు ఆమె దేవతలా కనిపించింది. ఆదిలాబాద్ నుంచి శ్రీశైలం దాకా అడవులు తిరిగి అడవి దూలగొండి గింజలు తెచ్చింది తను. యూనివర్సిటీ హాస్టళ్ల వెనక పొదల్లో, జూన్‌లో తొలివాన పడగానే అడవికో వరసగా నాటి, కర్రలు పాతి తీగలు ఎక్కించింది. నవంబరులో ఊదారంగు పూలు ద్రాక్షగుత్తుల్లా వేలాడుతుంటే క్యాంపస్ పిల్లలు ఆగి మరీ చూసిపోయారు. ఆ గింజను పాలలో ఉడికించి పొట్టు తీస్తే కంపవాతానికి మందు. తీగ పాకిన నేలకు బలం. ఏ అడవి గింజలో మందు ఎక్కువో తేల్చడమే ఆమె పరిశోధన.

కాయలు పండే వేళకు తెలంగాణ ఉద్యమం భగ్గుమంది. యూనివర్సిటీకి సెలవులిచ్చారు. చేతి తొడుగులు ల్యాబ్‌లో, ల్యాబ్‌కు తాళం. అడిక్‌మెట్ నుంచి తెచ్చిన కూలీలిద్దరూ దురద తట్టుకోలేక అరగంటలో పారిపోయారు. మొన్న టియర్ గ్యాస్ పేలినప్పుడు పరుగెత్తినవాళ్ల కాళ్ల కింద సగం తోట నలిగింది. మిగిలిన సగం రెండు మూడు రోజుల్లో పగిలి, ఏ గింజ ఏ అడవిదో తెలియకుండా కలిసిపోతుంది.

"నాకు కోసిపెడ్తవా అమ్మా?"

"గింతదానికి గట్ల బతిమాలుతవేంది? సంచులు తే."

సాలమ్మ కొంగుతో మొహం, మెడ చుట్టుకుని దిగింది. ఏ వరస కాయలు ఆ సంచిలోనే వేసింది. ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి "జై తెలంగాణ" వినిపిస్తే తను కూడా ఓసారి గట్టిగా అని, మళ్లీ వంగింది.

రెండోరోజు సోమయాజులు మాస్టారు వచ్చారు. స్నేహలతకు గైడు, కోనసీమ మనిషి. తార్నాక నుంచి రెండు చోట్ల పోలీసులకు గుర్తింపు కార్డు చూపించి నడిచి వచ్చారు. సాలమ్మ అరచేతుల నిండా అంటుకున్న నూగు చూసి నోరు తెరిచారు.

"ముప్పై ఏళ్లుగా ఈ తీగతో పని చేస్తున్నానమ్మా, ఇలా ఒట్టి చేతులతో కోసినవాళ్లను చూళ్లేదు. ఏదైనా ఆకుపసరు రాసుకున్నావా?"

"ఏం రాసుకోలే సారూ."

"మరి మంత్రమా?" స్నేహలత నవ్వింది.

"ఆకలి మంత్రం బిడ్డా," అంటూ సాలమ్మ ఇంకో గుత్తి తెంపింది.

మూడోరోజు మధ్యాహ్నానికి చివరి సంచి కట్టారు. ఒక్క వరస కూడా కలిసిపోలేదు. స్నేహలత సాలమ్మను పట్టుకుని ఏడ్చేసింది. "నా పుస్తకంల మొదటి పేరు నీదే రాస్త."

"నాకు సదువు రాదు. నువ్వే సదివి వినిపియ్యాలె."

మాస్టారు ఇద్దరినీ తార్నాకలోని తమ ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య వైదేహి ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు. భోజనాలు వడ్డిస్తుంటే మాస్టారు ఉత్సాహంగా మొత్తం చెప్పేశారు.

"ఈవిడ చర్మంలోనే ఏదో విశేషం ఉంది వైదేహీ. దూలగొండికి విరుగుడు దొరికిందంటే మాటలా! నువ్వే పరీక్ష చేయాలి."

భోజనాలయ్యాక వైదేహి కళ్లజోడు పెట్టుకుని సాలమ్మ చేతులు తన ఒళ్లో పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పి, మణికట్టు మీది పాలిపోయిన మచ్చ దగ్గర ఆగింది.

"ఎన్నేళ్లుగా ఇలా ఉంది సాలమ్మా?"

"శానా ఏండ్లాయె డాక్టరమ్మా. మా బస్తీల అందరు నన్ను ఇనుప చేతులదానా అంటరు," సాలమ్మ గర్వంగా చెప్పింది.

మాస్టారు నోటుపుస్తకం తెరిచారు.

వైదేహి లోపలికెళ్లి కొత్త సూది తెచ్చింది. "కళ్లు మూసుకో. సూదితో కొంచెం గుచ్చుతాను. గుచ్చగానే 'ఆ' అను, సరేనా?"

"భయమేంది, గుచ్చు." సాలమ్మ నవ్వుతూ కళ్లు మూసుకుంది.

వైదేహి బొటనవేలి మీద గుచ్చింది. చూపుడువేలి మీద గుచ్చింది. అరచేతి మధ్య గుచ్చితే చిన్న రక్తపుచుక్క పైకి తేలింది. మాస్టారి కలం ఆగిపోయింది.

కళ్లు మూసుకునే ఉన్న సాలమ్మ అడిగింది.

"ఇంకెప్పుడు గుచ్చుతవ్ డాక్టరమ్మా?"